ఇసుకలో జాడ, రాతిలో జాడ

పావగడ కొండది గ్రానైటు. కరిగిన శిల భూగర్భంలో నిదానంగా గడ్డకట్టి పుట్టిన ఆ బండలో ఏ మృగం అడుగూ అచ్చుపడే వీలు లేదు. ఇక్కడ జాడ చదవాలంటే తడి ఇసుకే పలక.

చిరుత అడుగులో నాలుగు వేళ్లు కనిపిస్తాయి, గోళ్ల గుర్తుండదు. నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది మరి. అరికాలి మెత్త వెనక అంచు మూడు వంకలు తిరిగి ఉంటుంది. కుక్క అడుగైతే గోళ్లు దిగబడతాయి. ఎలుగుబంటికి ఐదు వేళ్లు, వాటి ముందు పొడుగాటి గోళ్ల గాట్లు.

శిలాజ పాదముద్రలను వర్గీకరించేవారిదీ ఇదే చూపు. అర్జెంటీనాలోని మిరమార్ దగ్గర దొరికిన ముద్రలకు 2019లో ‘ఫెలిపెడా మిరమారెన్సిస్’ అని పేరు పెట్టారు. వెడల్పు దాదాపు 19 సెంటీమీటర్లు, గోళ్ల గుర్తు లేదు. కత్తికోరల స్మిలోడాన్‌దని వారి అంచనా. అయినా ఆ పేరు ముద్రకే, మృగానికి కాదు.

ఆ నిగ్రహం ఎంత గొప్పది! అడుగు పక్కనే ఎముక దొరకడం అరుదు. పైగా ఒకే జంతువు అడుగు బురదలో ఒకలా, గట్టినేలలో ఇంకోలా పడుతుంది. అందుకే వేళ్ల లెక్క, మెత్త ఆకారం, అంగ దూరం అన్నీ కొలిచాకే నోరు విప్పుతారు.

నాగలమడక దగ్గర ఉత్తర పినాకిని ఇసుకలో వంగి, వేలితో ముద్ర లోతు చూసే కాపరి కూడా అంతే ఓపికగా మరో అడుగు కోసం వెతుకుతాడు.