కాజాలు కుట్టే చోటు

తెనాలిలో మా నాన్న కుట్టు దుకాణంలో కొత్తగా పనికి చేరిన కుర్రాడికి ఎప్పుడూ ఒకటే చోటు. గుమ్మం పక్కన, వెలుతురు పడే దగ్గర, గోనెపట్టా మీద. చేతిలో సూది దారం, ఒళ్లో ఎవరిదో చొక్కా. ముందు కాజాలు కుట్టాలి. అవి పట్టుబడ్డాక గుండీలు, ఆ తర్వాత అంచుల హెమ్మింగు, ఆపైన మిషను మీద పక్క కుట్లు. బట్టకి కత్తెర పెట్టనివ్వడానికి రెండు మూడేళ్లు పట్టేది. నాన్న ఎవర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు నాకు గుర్తు లేదు. కానీ ఆ గోనెపట్టా మీద కూర్చుంటే కటింగ్ బల్ల ఎదురుగా కనిపించేది. సుద్దతో గీత గీసి, ఆగి, తల అడ్డంగా ఊపి, అరచేత్తో చెరిపేసి మళ్లీ గీసే నాన్న చెయ్యి కనిపించేది. చంకలో పట్టేస్తోందని వెనక్కి వచ్చిన జాకెట్టు గురించి ఆయన ఏం చెప్పి పంపేవారో చెవిన పడేది. కుర్రాడి చూపు కాజా మీదే ఉన్నా చెవులు మాత్రం దుకాణమంతా తిరిగేవి.

2020 మార్చి 21 రాత్రి తొమ్మిదింటికి, కోవిడ్ వల్ల, నేనుండే న్యూజెర్సీలో ఇళ్లు కదలొద్దన్న ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. అప్పటికి నేను ఇరవై ఏళ్ల పైబడి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. నా పక్క సీట్లో ఒక అబ్బాయి జనవరి నుంచి పని నేర్చుకుంటున్నాడు. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్ చేసి, చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద చేరాడు. సెప్టెంబరులో ఇంకో అమ్మాయి రావలసి ఉంది, ఒహాయోలోని కొలంబస్ నుంచి. అతనిది సగంలో ఉన్న నేర్పు, ఆమెది మొదలే కాని నేర్పు. రెంటినీ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని నడిపించాలి. ఎవరికి కష్టమవుతుందంటే ఆ అమ్మాయికే అనుకున్నాను. అసలు కష్టపడింది అబ్బాయి.

ఆఫీసులో అతనితో నేను పెద్దగా మాట్లాడేదాన్నే కాదు. పని ఎక్కడో ఇరుక్కుంటే నీళ్ల సీసా పట్టుకుని లేచేవాడు. మూడోసారి లేచాడంటే విషయం ముదిరిందని అర్థం. నేను కుర్చీ అటు తిప్పి, "ఏంటి, చూపించు" అనేదాన్ని. పది నిమిషాల్లో తేలిపోయేది. మా ఇద్దరి మధ్యా నేర్పడం అనేది ఏమైనా జరిగిందంటే అదే. ఇళ్లకు వచ్చాక ఆ సీసా నాకు కనిపించడం మానేసింది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం అతనికో చిన్న పని ఇచ్చాను. రాత్రిపూట నడిచే ఒక ప్రోగ్రాంలో లెక్క తప్పుతోంది, సరిచెయ్యాలి. బుధవారం "చేస్తున్నానక్కా" అని మెసేజ్. గురువారం "అయిపోవచ్చిందక్కా". శుక్రవారం సాయంత్రం వీడియో కాల్ పెట్టి స్క్రీన్ చూపించమన్నాను. రాసింది మంగళవారమే సరిగ్గా రాశాడు. కాకపోతే అతని ప్రోగ్రాం చదువుతున్నది కొత్త డేటాబేస్ కాదు, ఎప్పుడో ఫిబ్రవరిలో తీసిన పాత నకలు. సెట్టింగ్స్ ఫైల్లో ఒక పేరు చివర ఒక్క అంకె తేడా. కోడ్ ఎంత మార్చినా జవాబు మారదు. మూడు రోజులు సరైన కోడ్‌ని విప్పి కుట్టి, విప్పి కుట్టి, చివరికి నిజంగానే పాడుచేసుకున్నాడు.

"మొన్ననే ఎందుకు అడగలేదురా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "అడిగితే వీడికి పని రాదనుకుంటారేమోనని అక్కా."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆ నెల అమెరికాలో నిరుద్యోగం 14.7 శాతానికి చేరింది. 1948లో ఆ లెక్కలు మొదలుపెట్టాక అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. ఓపీటీ మీద ఉన్న పిల్లలు మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ రోజులు దాటితే ఇక్కడ ఉండే హక్కే పోతుంది. అప్పటికి ఇండియాకి మామూలు విమానాలు కూడా లేవు. మన పిల్లల్లో ఎంతమంది ఆ 90 అంకెను రోజూ మనసులో లెక్కపెట్టుకుంటూ పనిచేశారో ఈ కాలమ్ చదివే అమ్మానాన్నల్లో చాలామందికి తెలియదు, వాళ్లు చెప్పి ఉండరు కాబట్టి. అంత భయంలో ఉన్నవాడికి ఒక ప్రశ్న అడగడం కూడా ఖరీదే. పక్కన కూర్చున్నప్పుడు ఆ ఖరీదు లేదు, ఎందుకంటే అక్కడ అడిగేది నేను. దూరమయ్యాక అడిగే భారమంతా అతని నెత్తిన పడింది. ఆ సంగతి నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది.

లాక్‌డౌన్‌లో సాయంత్రాలు నేను నడకకు క్రిస్టీ వీధి వైపు వెళ్లేదాన్ని. మేముండేది ఎడిసన్‌లో. మెన్లో పార్క్ ప్రయోగశాల ఉన్న చోట ఇప్పుడు స్మారక స్తంభం ఉంది. 1876లో థామస్ ఎడిసన్ ఇక్కడ కట్టించిన భవనంలో మేడ మీద ఒకటే పొడవాటి గది. గోడల వెంట సీసాలు, మధ్యలో బల్లలు, ఆ చివర ఒక పైపు ఆర్గన్. అందరూ ఆ ఒక్క గదిలోనే పని. అర్ధరాత్రి పని ఆపి తినడం, ఆర్గన్ వాయించి పాడుకోవడం, మళ్లీ బల్లల దగ్గరికి పోవడం. ఫ్రాన్సిస్ జెల్ లాంటి ఇరవై నిండని కుర్రాళ్లు ఆ గదిలోనే పని నేర్చుకున్నారు. ఆ భవనం ఇప్పుడిక్కడ లేదు. హెన్రీ ఫోర్డ్ 1929 నాటికి దాన్ని మిషిగన్‌లో డియర్‌బార్న్ దగ్గర మళ్లీ కట్టించాడు. మిగిలింది స్తంభం, చుట్టూ చెట్లు. మాస్కు పెట్టుకుని అక్కడ నిలబడి, ఆ కుర్రాళ్లందర్నీ ఎవరింటికి వాళ్లను పంపేసి బల్బు చెయ్యమంటే ఏమయ్యేదా అని ఆలోచించేదాన్ని. పని ఆగకపోవచ్చు. జెల్ మాత్రం ఏం నేర్చుకునేవాడు?

నాన్న దుకాణంలో నేను చూసిన వరుస మన ఊరి అలవాటు మాత్రమే అనుకునేదాన్ని. జీన్ లేవ్ అనే మానవశాస్త్రవేత్త 1970లలో పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర కూర్చుని వాళ్ల దగ్గర చేరిన కుర్రాళ్లు పని ఎలా నేర్చుకుంటారో చూసింది. తర్వాత ఎటియెన్ వెంగర్‌తో కలిసి 1991లో ఒక పుస్తకం రాసింది. అక్కడా అంతేనట. కత్తిరింపుతో మొదలై గుండీతో ముగిసే పనిని నేర్చుకునేవాడు వెనక నుంచి ముందుకు నేర్చుకుంటాడు. గుండీలు, అంచులు ముందు, కుట్టు తర్వాత, కత్తిరింపు చిట్టచివర. గుండీ తప్పుపడితే విప్పి కుట్టొచ్చు, కత్తెర తప్పితే బట్ట పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. గుండీ కుట్టేవాడి చేతిలోకి చొక్కా మొత్తంగా వస్తుంది. ముక్కలన్నీ కలిసి చివరికి ఎలా ఉంటాయో ముందే చూస్తాడు. ఇది చదివినప్పుడు నాకు గోనెపట్టా గుర్తొచ్చింది. చేతికిచ్చిన పని ఎంత చిన్నదైనా కూర్చోబెట్టిన చోటు పెద్దది. నేను వరంగల్ అబ్బాయికి కాజాలు పంపుతున్నాను, చోటు మాత్రం ఇవ్వడం లేదు.

మే నెల నుంచి రోజూ రెండు గంటలు కాల్ తెరిచి ఉంచడం మొదలుపెట్టాం. మీటింగ్ కాదు. ఎవరి పని వాళ్లది, మైకులు మాత్రం తెరిచే ఉంటాయి. నేను కీబోర్డు కొడుతూ నాలో నేను గొణుక్కుంటాను, "ఛ, ఇది కాదే" అంటాను. అటు నుంచి కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. మొదటి వారం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. రెండో వారం మధ్యలో, నేనేమీ అడగకుండానే, "అక్కా, ఇదొకసారి చూస్తారా" అన్నాడు. అడగడానికి కొత్తగా కాల్ కలపక్కర్లేదు, మెసేజ్ టైపు చేసి నాలుగుసార్లు చెరపక్కర్లేదు. ఆ పక్కన మనిషి ఉన్నారని తెలిస్తే మాట దానంతటదే వస్తుంది.

కొలంబస్ అమ్మాయి సెప్టెంబరులో చేరింది. డిగ్రీ లేదు. పసిపిల్లల డేకేర్‌లో పనిచేస్తూ రాత్రిళ్లు కోడింగ్ నేర్చుకుని, అప్రెంటిస్‌షిప్ పథకంలో వచ్చింది. అమెరికాలో అప్రెంటిస్‌షిప్‌కు 1937 నుంచీ చట్టముంది. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, వడ్రంగులు దాని కిందే తయారయ్యారు. సాఫ్ట్‌వేర్ వాళ్లం ఆ గుమ్మం తొక్కింది ఇటీవలే. జీతం తీసుకుంటూ నేర్చుకోవడం, మీద ఒక పనిమంతుడు ఉండడం అన్న పాత పద్ధతిని మన వృత్తి ఇన్నేళ్లు పట్టించుకోకపోవడం నష్టమే అని నా అభిప్రాయం.

ఆమెకు ల్యాప్‌టాప్ కొరియర్‌లో వెళ్లింది. ఆమె కోసం నేను పద్నాలుగు పేజీల సూచనలు రాసి పెట్టాను. రెండు రోజుల్లో అన్నీ చేసేసి కాల్ చేసింది. "ఇవన్నీ అయ్యాయి. ఒకటి అడగాలి. పొద్దున లేచి కంప్యూటర్ తెరిచాక మీరు ముందు ఏం చూస్తారు?"

పద్నాలుగు పేజీల్లో ఎక్కడా దానికి జవాబు లేదు. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు నా స్క్రీన్ తెరిచి చూపించాను. రాత్రి నడిచిన ప్రోగ్రాముల చిట్టా చూస్తున్నాను. ఎర్ర గీతలు ఇరవై దాకా ఉన్నాయి. నా చూపు అన్నింటినీ దాటేసి ఒకదాని మీద ఆగింది. "మిగతావి ఎందుకు వదిలేశారు?" అంది. చెప్పబోతే మాట దొరకలేదు. అవి రోజూ వచ్చేవే, ఇది నిన్న లేదు. ఇది తెల్లవారుజామున వచ్చింది, ఆ వేళకి ఏదీ నడవకూడదు. ఇరవై ఏళ్లలో కళ్లకు అలవాటైన పనిని మొదటిసారి నోటితో చెప్పాను. ఆ తర్వాత ప్రతి పొద్దునా అదే. నాన్న సుద్దగీత చెరిపేటప్పుడు ఎందుకు చెరుపుతున్నదీ చెప్పి ఉంటే ఎలా ఉండేదో, అలాగ.

ఇద్దరు ఒకే కోడ్ మీద పనిచేసే పద్ధతి కొత్తదేమీ కాదు. కెంట్ బెక్ 1999లో తన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పుస్తకంలో పెయిర్ ప్రోగ్రామింగ్‌కి పెద్ద పీట వేశాడు. పక్కపక్కన కుర్చీలు, ఒకే కీబోర్డు. మాకు ఊళ్లు వేరు, కీబోర్డులు వేరు, ఫైలు మాత్రం ఒకటే. అందులో ఆమె కర్సర్ నాకు కనిపిస్తుంది. అది గబగబా కదులుతుంటే అర్థమవుతోందని. ఒక పంక్తి దగ్గరికి వెళ్లి, పైకి పోయి, మళ్లీ అదే పంక్తికి వస్తుంటే లేదని. నీళ్ల సీసా నాకు మళ్లీ దొరికింది.

నవంబరులో ఒక రాత్రి కస్టమర్ ఖాతా తెరవడానికి నిమిషంన్నర పడుతోందని కబురు. ఆమె చూస్తుండగా నేను కూర్చున్నాను. డేటాబేస్‌లో వెతుకులాట త్వరగా తెమిల్చే ఇండెక్స్ లేదేమో అన్నాను, ఉంది. పాడైందేమో అన్నాను, బాగానే ఉంది. సర్వర్ మీద భారమేమో అన్నాను, లేదు. గంట గడిచింది. ఆమె కర్సర్ ఒక చోటే అటూ ఇటూ తిరుగుతోంది. "ఖాతా నంబరుకి మిగతా అన్ని చోట్లా కొటేషన్ గుర్తులున్నాయి. ఇక్కడ లేవు. పర్వాలేదా?" అంది. పర్వాలేకపోవడమేమిటి, తప్పంతా అక్కడే ఉంది. మా టేబుల్లో ఖాతా నంబరు అక్షరాలుగా దాచి ఉంది. కొటేషన్ లేకుండా అంకెగా అడిగితే డేటాబేస్ లక్షల వరుసల్లో ఒక్కోదాన్నీ అంకెగా మార్చి పోల్చి చూస్తుంది, ఇండెక్స్ ఉన్నా వాడుకోలేదు. రెండు గుర్తులు పెట్టగానే క్షణంలో తెరుచుకుంది.

గంటసేపు నేను తప్పుదారులు తొక్కడం చూస్తూ కూర్చోవలసి వచ్చిందని ఆమెకు క్షమాపణ చెప్పబోయాను. "మీకు కూడా వెంటనే తెలియదని నాకిప్పుడే తెలిసింది" అంది. అప్పటిదాకా, చెయ్యి తిరిగినవాళ్లకు జవాబు ముందే తెలిసి ఉంటుందనుకునేదట. దూరం చేసే చెడుల్లో పెద్దది ఇదే అని నా నమ్మకం. దూరాన ఉన్నవాళ్లకు మన పూర్తయిన చొక్కాలే కనిపిస్తాయి, చెరిపిన గీతలు కనిపించవు. వాళ్ల చెరిపివేతలు మాత్రం వాళ్లకు పొద్దస్తమానం కనిపిస్తూనే ఉంటాయి.

డిసెంబరులో వరంగల్ అబ్బాయి ఓపీటీకి సైన్సు, టెక్నాలజీ చదువులకిచ్చే రెండేళ్ల స్టెమ్ పొడిగింపు కోసం ఐ-983 అనే ఫారం నింపాం. వీసా కాగితాల్లో నాకు గౌరవం కలిగించింది అదొక్కటే. అది శిక్షణ ప్రణాళిక. ఈ విద్యార్థి ఏం నేర్చుకోవాలి, ఎవరు ఎలా పర్యవేక్షిస్తారు, నేర్చుకున్నదీ లేనిదీ ఎలా కొలుస్తారు అని అడుగుతుంది, ఇద్దరి చేతా సంతకం పెట్టిస్తుంది. చాలాచోట్ల వేరేవాళ్ల ఫారం నుంచి వాక్యాలు దించేసి నింపుతారు. ఆ యేడు ఇంటి నుంచి పనిచేస్తున్నారని కొత్త ఫారం పెట్టక్కర్లేదని ప్రభుత్వమే సడలించింది. మాది ఎలాగూ మొదటి ఫారం. పర్యవేక్షణ గడి దగ్గర ఆగి, "నేను నిన్ను ఎలా చూసుకుంటున్నానని రాయను?" అని అతన్నే అడిగాను.

అప్పుడు చెప్పాడు. రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురుంటారు. నలుగురికీ ఒకే వేళ మీటింగులు. మార్చి నుంచి అతను క్లాజెట్‌లో కూర్చుని పనిచేస్తున్నాడు. వేలాడే కోట్ల కింద, సూట్‌కేసు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తలుపు వేసుకుని. కాల్‌లో అతని గొంతు ఎప్పుడూ దుప్పటి కింద నుంచి వచ్చినట్టుండేది. మైకు మంచిది కాదేమో అనుకున్నాను. మే నుంచి రోజూ రెండు గంటలు ఆ గొంతు విన్నాను, ఎక్కడ కూర్చున్నావని ఒక్కసారి అడగలేదు. నాన్న అయితే ముందు గోనెపట్టా పరిచేవారు, సూది తర్వాత ఇచ్చేవారు. ఆ వారమే ఒక మడత బల్ల, చెవులకు హెడ్‌సెట్టు పంపించాను. బల్ల హాల్లో కిటికీ దగ్గర పట్టిందని ఫోటో పెట్టాడు.

అతనిప్పుడు వారానికి రెండు రోజులు ఆఫీసుకు వస్తాడు. ఆమె కొలంబస్‌లోనే ఉంది. కొత్తవాళ్లు ఇప్పటికీ దూరం నుంచే చేరుతున్నారు. మొదటి కాల్‌లో ముందు నా కెమెరా తిప్పి చూపిస్తాను. భోజనాల బల్ల, కిటికీ, గోడకి నాన్న కత్తెర. ఆ తర్వాత అడుగుతాను, నువ్వెక్కడ కూర్చున్నావు, వెలుతురు వస్తోందా అని.