కత్తికి పేరు పెట్టిందెవరు?

ఆయుధాల కేటలాగుకూ సాహిత్య విమర్శకూ సంబంధమేమిటని కొందరు మిత్రులకు సందేహం రావచ్చు. కథకుడు ఏ పాత్రకు పేరు పెట్టాడు, ఎవర్ని పేరు లేకుండా వదిలేశాడు, ఎవరి నోట మాట పెట్టాడు అని మనం కథను అడుగుతాం. మ్యూజియంలో గాజుపెట్టె పక్కన అతికించిన నాలుగు పంక్తుల చీటీ కూడా ఎవరో ఒకరు ఒక దృక్పథంతో రాసినదే. దాన్ని కోట్లమంది చదువుతారు. చదివింది వచనం అన్న స్పృహ కూడా లేకుండా చదువుతారు కాబట్టి అది కథకంటే ఎక్కువగా నమ్మిస్తుంది. కనుక ఆ చీటీని విమర్శకు బయట ఉంచడానికి వీల్లేదు.

ఆఫ్రికా ఖడ్గాలు, కత్తులు, ఉత్సవాయుధాలు సేకరించడం యూరపులో నూట యాభై ఏళ్లకు పైగా సాగుతున్న వ్యవహారం. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు గేయోర్గ్ ష్వైన్‌ఫుర్త్ మధ్య ఆఫ్రికాలో తిరిగి వచ్చి, 1875లో అక్కడి చేతిపనుల బొమ్మలతో ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఆ తర్వాత సైనికాధికారులు, మిషనరీలు, వర్తకులు, మ్యూజియం అధికారులు వరసగా వచ్చారు. ఇప్పుడు ఈ కత్తులు వేలంపాటల్లో అమ్ముడవుతున్నాయి, సొంత ఇళ్ల గోడలకు ఎక్కుతున్నాయి, రంగుల బొమ్మల పుస్తకాలవుతున్నాయి. ఈ పుస్తకాలు, చీటీలు కలిసి ఒక సాహిత్యప్రక్రియగా స్థిరపడ్డాయని నా అభిప్రాయం. దానికి కొన్ని కచ్చితమైన లక్షణాలున్నాయి.

మొదటి లక్షణం వ్యాకరణానికి సంబంధించింది. చీటీలో జాతి పేరు ఉంటుంది, లోహం పేరు ఉంటుంది, పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. కానుకగా ఇచ్చిన దొర పేరు బిరుదులతో సహా ఉంటుంది. కత్తి చేసిన కమ్మరి పేరు మాత్రం ఉండదు. క్రియ దగ్గరికి వస్తే ఇంగ్లీషులో ‘సేకరించబడింది’ అనే అర్థం వచ్చే మాట ఒకటి కనబడుతుంది. ఎవరు సేకరించారు, ఎవరి దగ్గర, ఎంత ఇచ్చి, ఇవ్వకపోతే ఏం చేసి? కర్మణి ప్రయోగం ఈ ప్రశ్నలన్నిటినీ నోరు మూయిస్తుంది. ఆ వాక్యాన్ని తెలుగులో పెట్టి చూడండి. మన భాషకు కర్మణి ప్రయోగం సహజం కాదని పిల్లలకు వ్యాకరణం చెప్పేటప్పుడు మనమే అంటాం. ‘కుమాసిలో 1874లో సేకరించబడింది’ అనగానే మన చెవికి ఏదో వెలితి తోస్తుంది. కర్తను చేర్చి రాస్తే వెలితి తీరుతుంది: 1874లో గార్నెట్ వుల్స్‌లీ నాయకత్వాన బ్రిటిష్ సైన్యం కుమాసి నగరంలో చొరబడి, అసాంటే రాజు కోటను దోచి, పేల్చివేసి, ఊరు తగలబెట్టి, బంగారాన్నీ ఖడ్గాలనూ పట్టుకుపోయింది. పైగా యుద్ధపరిహారం కింద 50,000 ఔన్సుల బంగారం అడిగింది. మొదటి వాక్యంలో కత్తి ఉంది. రెండో వాక్యంలో చరిత్ర ఉంది.

రెండో లక్షణం నామకరణం. కాంగో నదీతీరాన ఎన్‌గోంబే మొదలైన జనుల దగ్గర ఎన్‌గులు అనే వంపుల కత్తి ఉండేది. దానితో శిరచ్ఛేదం జరిగిన మాట నిజం. పంతొమ్మిదో శతాబ్దపు యాత్రికులు చూసి రాశారు, బొమ్మలు గీయించి పత్రికల్లో వేయించారు. అయితే అది హోదాకు చిహ్నంగా పెద్దల చేతుల్లోనూ, నృత్యాల్లో ఆటగాళ్ల చేతుల్లోనూ కూడా ఉండేది. యూరపు బజారులో మాత్రం దానికి స్థిరపడిన పేరు ‘తలారి కత్తి’. ఆ పేరుంటే ధర పెరుగుతుంది. కొనేవాడికి ఒళ్లు జలదరించాలి కదా!

ఇక్కడే ఒక పోలిక చూడాలి. 1885 నుంచి 1908 దాకా ఆ కాంగో ప్రాంతమంతా బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉండేది. రబ్బరు కోసం అతని సైన్యం ఊళ్లమీద పడింది. నీటిగుర్రం తోలుతో చేసిన కొరడాతో మనుషుల్ని చావబాదింది. పేల్చిన తూటాలకు లెక్క చూపడానికి చేతులు నరికి తెచ్చింది. ఆ సైన్యం మోసిన ఆల్బిని తుపాకీకి ఏ కేటలాగులోనూ ‘తలారి తుపాకీ’ అని పేరు లేదు. దాని తయారీ సంవత్సరం ఉంటుంది, కనిపెట్టినవాడి పేరుంటుంది, యంత్రం పనిచేసే తీరు ఉంటుంది. ఒకడి ఆయుధం సాంకేతిక చరిత్ర అయింది, ఇంకొకడి ఆయుధం క్రూరత్వానికి రుజువయింది. 1897లో బ్రస్సెల్స్ ప్రదర్శన సందర్భంగా టెర్వూరెన్‌లో కాంగో వస్తువులతోపాటు 267 మంది కాంగో మనుషుల్ని కూడా తెచ్చి చూపించారు. వారిలో ఏడుగురు అక్కడే చనిపోయారు. ‘క్రూరులెవరు’ అన్న ప్రశ్నకు జవాబు ఆ గాజుపెట్టెల్లోని కత్తుల్ని చూస్తే దొరకదు.

మూడో లక్షణం వరస పేర్చడం. ఆక్స్‌ఫర్డ్‌లో 1884లో ఏర్పడిన మ్యూజియానికి మూలపురుషుడు పిట్ రివర్స్ సైన్యాధికారి. బ్రిటిష్ సైన్యపు తుపాకులు ఏ మెట్టుమీద నుంచి ఏ మెట్టుకు మెరుగయ్యాయో పరిశీలిస్తూ అతను సేకరణలోకి దిగాడు. అదే పద్ధతిని ప్రపంచ ప్రజల వస్తువులన్నిటికీ వర్తింపజేసి, సరళమైనదాన్ని కిందా సంక్లిష్టమైనదాన్ని పైనా పెట్టి, మానవజాతికి ఒక నిచ్చెన వేశాడు. వేరువేరు దేశాల్లో, వేరువేరు అవసరాలకు, ఒకే కాలంలో పుట్టిన వస్తువులు ఆ నిచ్చెనమీద ‘ఆదిమ’మూ ‘నాగరిక’మూ అయిపోయాయి. నిచ్చెన వేసినవాడు సహజంగానే పైమెట్టుమీద నిలబడ్డాడు.

ఈ మూడు లక్షణాలూ కలిసి ఏం దాచాయో ఇప్పుడు చూడాలి. కాంగో ఎగువ ప్రాంతంలో మనిషి ఎత్తున ఉండే ఇనుప అలుగులు చలామణిలో ఉండేవి. ఈటె మొనలా కనిపిస్తాయి కాబట్టి ఆయుధాల వరసలో చేరిపోతుంటాయి. నిజానికి అవి డబ్బు. పెళ్లిలో మగపెళ్లివారు ఇచ్చే సొమ్ము. ఇనుము అరుదైన చోట, గంటలకొద్దీ కొలిమి దగ్గర కూర్చున్న మనిషి శ్రమే విలువగా గడ్డకట్టి చేతులు మారేది. విలువకు మూలం శ్రమ అన్న సూత్రం ఇంతకంటే స్పష్టంగా కంటికి కనబడే చోటు అరుదు. ఆ వస్తువుమీద ‘ఈటె’ అని రాస్తే ఒక సమాజపు ఆర్థికశాస్త్రం మొత్తం కొట్టివేసినట్టే.

కూబా రాజ్యపు కథ ఇంకా ఆశ్చర్యకరం. పదిహేడో శతాబ్దంలో పాలించిన ష్యామ్ రాజు విసురుకత్తిని నిషేధించి, ఇకుల్ అనే చిన్న కత్తిని శాంతికాలపు కత్తిగా ప్రవేశపెట్టాడని కూబా ప్రజల మౌఖిక సంప్రదాయం చెబుతుంది. మెరుగు పెట్టిన చెక్కతోనే అలుగు చేసిన ఇకుల్‌లు కూడా ఉన్నాయి. వాటితో దేన్నీ కోయలేం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కూబా రాజుల కొయ్యప్రతిమలు చూడండి. రాజు మఠం వేసుకుని కూర్చుంటాడు. ఎడమచేతిలోని కత్తికి పిడి మనవైపు ఉంటుంది. కత్తి పట్టుకుని కూడా యుద్ధం వద్దని చెప్పే ఈ భంగిమను ‘ఆయుధాలు’ అనే శీర్షిక కింద ఎలా చదువుతాం?

అసాంటే రాజ్య ఖడ్గాలు సరేసరి. పిడికి బంగారు రేకు తొడుగు ఉంటుంది, వాదరకు పదును ఉండదు. సామంతులు ప్రమాణం చేయడానికీ, రాయబారులు రాజు మాట మోసుకుపోవడానికీ అవి వాడుకలో ఉన్నాయి. వాటికి పోతపోసిన బంగారు బొమ్మలు కడతారు. ఒక్కో బొమ్మ ఒక్కో సామెత. మొసలి నోట్లో చేప ఉందంటే, చిన్నవాడు మింగినదంతా చివరికి పెద్దవాడికే చేరుతుందని అర్థం. సామెతను బంగారంలో పోతపోసిన జాతిని ‘అక్షరం లేని జాతి’ అన్నవాళ్లకు అక్షరమంటే ఏమిటో తెలియదనుకోవాలి.

అయితే ఇక్కడ మనం ఒక పొరపాటుకు లోనుకాకూడదు. దొర చీటీని తిరస్కరించినంత మాత్రాన రాజు ఖడ్గానికి మొక్కాల్సిన పనిలేదు. ఆ మొసలి సామెత ఎవరి పక్షాన మాట్లాడుతోంది? రాజు పక్షాన. అసాంటే రాజ్యంలో బానిసలున్నారు. బానిసల వ్యాపారం ఆ రాజ్య సంపదలో భాగం. వలసవాదానికి ముందు ఆఫ్రికా అంతా స్వర్ణయుగమని చెప్పేవాళ్లు కూడా కమ్మరిని, బంగారపు మట్టి కడిగిన కూలిని మరిచిపోయినవాళ్లే. దొర కమ్మరి పేరు రాయలేదు. రాజు ఆస్థానం కూడా చాలాసార్లు రాయలేదు. అభ్యుదయ విమర్శకుడు ఈ రెండు మౌనాల్నీ వినాలి.

ఈ మౌనం మనకు పరాయిది కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారని హెన్రీ వాయ్‌సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ జాతి ఉక్కుతో తయారైన ఖడ్గాలకు ప్రపంచంలో నిలిచిన పేరు ‘డమాస్కస్ కత్తి’. అమ్మిన బజారు పేరు మిగిలింది. మూస పట్టినవాడి పేరు, ఊరి పేరు పోయాయి. కాబట్టి ఆఫ్రికా కమ్మరి కథ చదివేటప్పుడు మనం జాలిపడే స్థానంలో లేం.

సేకర్తల వాదన కూడా వినాలి. ‘మేం తీసుకోకపోతే ఇవన్నీ తుప్పుపట్టి పోయేవి, కరిగిపోయేవి’ అంటారు వాళ్లు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కొందరు సేకర్తలు ఓపికగా ఆకారాలు పోల్చి, ఏ కత్తి ఏ ఊళ్లదో తేల్చి, పాత చీటీల తప్పులు దిద్దారు. ఆ శ్రమను గౌరవిద్దాం. కాని కాపాడటం వేరు, సొంతం చేసుకోవడం వేరు. కమ్మరి పాత కత్తిని కరిగించి కొత్త గొడ్డలి చేశాడంటే, అతని సమాజంలో ఇనుము ఇంకా బతికి ఉందని అర్థం. దాన్ని ‘నష్టం’ అని లెక్కగట్టేది గోడకు తగిలించుకోవాలనుకున్న కన్ను మాత్రమే.

ఇక తిరిగి ఇవ్వడం సంగతి. పశ్చిమాఫ్రికాలో టుకులోర్ రాజ్యాన్ని స్థాపించిన అల్ హజ్ ఉమర్ తాల్‌దని చెప్పే ఖడ్గాన్ని ఫ్రెంచి సేనాని ఆర్షినార్ 1893లో బండియాగరాలో ఉమర్ కొడుకు అహ్మదు వర్గం నుంచి పట్టుకుపోయాడు. ఫ్రెంచి ప్రధాని 2019 నవంబరులో దాన్ని డాకర్‌లో సెనెగల్ అధ్యక్షుడి చేతికి అప్పుగా అందించాడు. 2020 డిసెంబరులో చేసిన చట్టంతో అది సెనెగల్ సొంతమయింది. విశేషమేమిటంటే, ఆ ఖడ్గపు అలుగు ఫ్రాన్సులోని క్లింగెంతాల్ కర్మాగారంలో తయారైంది. ‘మరి ఇది ఆఫ్రికా కత్తి ఎలా అవుతుంది’ అని ఎద్దేవా చేసినవాళ్లకు వస్తువు తెలుసు, సంబంధం తెలియదు. పిడి తొడిగిన చేతులు, పట్టుకున్న పోరాటం, పోగొట్టుకున్న ఓటమి, ఇవన్నీ కలిస్తేనే అది ఆ కత్తి. శుద్ధమైన ‘జాతి’ వస్తువు కోసం వెతికేవాడు చివరికి కేటలాగు భాషే మాట్లాడతాడు.

బ్రిటన్ ఇంత కూడా చేయలేదు. బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి 2024లో కుమాసిలోని మన్‌హ్యా కోట మ్యూజియానికి రాజ్య ఖడ్గంతో సహా 32 వస్తువులు పంపాయి, మూడేళ్ల గడువుతో, అప్పుగా! వస్తువుల్ని వదులుకోవడానికి తమ చట్టం ఒప్పుకోదన్నారు. దోచినప్పుడు ఏ చట్టం అడ్డురాలేదు. ఒక్క ‘అప్పు’ అన్న మాటతో దొంగ దాత అయ్యాడు, సొత్తుదారు అప్పుదారు అయ్యాడు. ఖడ్గం ఊరు చేరింది కాని దాని పేరు ఇంకా దొర దస్తావేజులోనే ఉంది.

ఈ మాటల గారడీని మన రచయితల్లో అందరికంటే ముందు పసిగట్టినవాడు చినువా అచెబె. 1958లో వచ్చిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల ముగింపులో జిల్లా కమిషనర్ ఒకొంక్వో జీవితమంతటినీ తాను రాయబోయే పుస్తకంలో ఒక పేరాగా కుదించాలనుకుంటాడు. ఆ పుస్తకానికి పేరు కూడా ఆలోచించుకుంటాడు. నవల నిండా దుంపతోటల్లో పనిచేసిన మచ్చుకత్తిని, చివర్లో దొర బంట్రోతును నరికిన మచ్చుకత్తిని మనం చూశాం. కమిషనర్ పుస్తకంలో ఆ రెండోది ఒక్కటే మిగులుతుంది. ప్రతి ఆయుధాల కేటలాగూ ఆ కమిషనర్ రాసిన పేరాయే. దానికి జవాబుగా మొత్తం నవల రాయవలసి వచ్చింది.

మన కథల్లోనూ, అనువాదాల్లోనూ, యాత్రాచరిత్రల్లోనూ ‘ఆటవిక ఆయుధం’, ‘అనాగరిక జాతుల కత్తులు’ వంటి మాటలు అలవాటుగా దొర్లుతుంటాయి. అవి మనం పుట్టించినవి కావు, ఆ చీటీల నుంచి దిగుమతి అయినవి. అనువాదం చేసేటప్పుడు కత్తి కనబడితే దాన్ని ఎవరు చేశారు, ఏ పనికి చేశారు, ఎవరు తీసుకుపోయారు అని అడిగి, కర్తను వాక్యంలోకి తీసుకురావడం రచయిత చేయగల పని. సాహిత్య విద్యార్థులు ఏదైనా ఒక మ్యూజియానికి వెళ్లి, ఒక్క చీటీని కర్తరి ప్రయోగంలో తిరగరాసి చూడాలని నా సూచన. రాయడానికి కావలసిన కర్త చీటీలో దొరకడు. అతన్ని చరిత్రలో వెతకాలి. ఆ వెతుకులాట మొదలైన రోజున మన విమర్శ గాజుపెట్టె దగ్గర ఆగిపోకుండా కొలిమి దాకా పోతుంది.