పందొమ్మిది వరసలు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట రాళ్ల సందున నీరుకట్టె పిల్ల విడిచిన కుబుసం దొరికితే, అరచేతిలో పరిచి చూడండి. చిటికెనవేలికన్నా సన్నం. ఊపిరి తగిలితే చాలు, కదులుతుంది. పొట్ట కింది వెడల్పాటి పట్టీలను వదిలేసి, నడుము దగ్గర ఈ పక్క నుంచి ఆ పక్కకు పొలుసుల వరసలు లెక్కపెట్టండి: 19. మీటరు దాటిన పెద్ద నీరుకట్టె నడుము దగ్గరా సాధారణంగా అవే 19.

ఈ పాము పనితనమంతా ఆ లెక్కలో ఉంది. పెరిగేకొద్దీ కొత్త వరస చేరదు. ఉన్న పొలుసే పెద్దదవుతుంది, పొలుసుకూ పొలుసుకూ నడుమ చర్మం సాగుతుంది. గుడ్డులో ఉండగానే లెక్క తేలిపోయింది.

ఆ గుడ్డు కోడిగుడ్డులా పెళుసు కాదు, తోలులా మెత్తన. మట్టిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. తల్లి ఒక్క కాన్పులో తరచు 30 నుంచి 70 గుడ్ల దాకా పెడుతుంది. లోపలి పిల్లకు పైదవడ ముందు చిన్న పన్ను మొలుస్తుంది. పెంకు చీల్చడమొక్కటే దాని పని. పని కాగానే కొద్ది రోజుల్లో ఊడిపోతుంది.

జానెడైనా లేని ఆ పిల్లకు వేట నేర్పేవారు లేరు. కడుపులో మిగిలిన పచ్చసొనే తొలినాళ్ల సద్దిమూట. వారం పది రోజులకు మొదటి కుబుసం. దానికి ముందు కళ్లు పాలు కలిపినట్టు మసకబారతాయి. పాముకు రెప్పలు లేవు, కంటిని కాచేది ఒక పారదర్శకమైన పొలుసు. అదీ కుబుసంతోపాటే వచ్చేస్తుంది. తలభాగాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి, అద్దపు బొట్లలాంటి ఆ రెండు పొలుసులూ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి.

పిల్లకు తిండి తోకకప్పలు, చేపపిల్లలు. అన్నీ జారిపోయేవే. అందుకే పళ్లు గొంతువైపు వంగి ఉంటాయి. దొరికిన చేప ఎంత గింజుకున్నా ముందుకు జారలేదు. ఈ చేపల వేటే దీని పేరులోనూ ఉంది. విశాఖపట్నంలో పనిచేసిన ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన పాముల గ్రంథంలో ఈ పాము బొమ్మను ‘నీలికోయ’ అన్న స్థానిక నామంతో ఇచ్చాడు. ఆ బొమ్మ ఆధారంగానే 1799లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ దీనికి ‘పిస్కేటర్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం జాలరి.

బెదిరితే పిల్లయినా మెడ చదును చేసి బుస కొడుతుంది, కరుస్తుంది కూడా. తాచు అనుకుని కర్ర అందుకునేవారే ఎక్కువ. దీని కాటుకు మనిషికి విషభయం లేదు. దూరం జరిగితే చాలు, అదే నీళ్లలోకి జారుకుంటుంది.

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటి ఈ కట్టకు తరతరాలుగా మట్టి పోస్తున్నాం, రాయి చేరుస్తున్నాం. దాని సందుల్లో పెరిగే ఈ పిల్ల మాత్రం ఒక్క పొలుసు వరసైనా కలుపుకోకుండానే జానెడులోపు నుంచి మీటరు దాటుతుంది.