దబ్బనంతో కుట్టిన భయం

నా బీరువా పై అరలో, పాత పంచెగుడ్డలో చుట్టి దాచిన బైండొకటి ఉన్నది. దాని అట్టలు పెండ్లి శుభలేఖల మందపు కాగితాలు. వెన్ను నీలిరంగు జాకెట్టు గుడ్డ. కుట్టు గోనెసంచుల మూతులు కుట్టెడి పురికొస. అంటించిన మైదాపిండిలో మైలుతుత్తము కలిపినారనుటకు అంచులలో నేటికిని కనబడు పచ్చనీలపు చాయ సాక్ష్యము. లోపల ఉన్నవి ఆంధ్రభూమి వారపత్రిక నుండి వారమునకొకమారు పిన్నులు ఊడదీసి, చిరుగు పడకుండ వేరుచేసిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ పుటలు. నడుమ ఒక వారపు సంచిక ఆ యింటికి అందినట్లు లేదు. అయినను ఆ లోటును ఈ బైండు కుట్టిన చేయి లోటుగా విడిచిపెట్టలేదు. రూళ్ళ కాగితములు తెచ్చి, ఎవరి ప్రతియో ఎరువడిగి, ఊదారంగు సిరాతో ఆ వారపు కథనంతయు ఎత్తివ్రాసి, దాని చోట దానిని కుట్టినది. అచ్చుపుటల చివర ‘సశేషం’ అని ఉన్నట్లే ఆ చేతివ్రాత చివరను ‘సశేషం’ అని ఉన్నది.

ఈ బైండు నాకు దొరికినది నలగొండలో, గడియారం సెంటరుకు అవతలి సందులో, పాతకాగితములు తూకమునకు కొను దుకాణమున. త్రాసులో పడిన బడిపుస్తకాల నడుమ ఆ నీలిగుడ్డ వెన్ను కనబడి చేయి చాచితిని. దుకాణదారు, “గీ చింపిన కాయితాలెందుకు సారూ? మంచి బుక్కులు కావాల్నంటే గా మూలకున్నయి, సూడుండ్రి” అని నిజమైన దయతోనే చెప్పినాడు. మూలనున్న మంచి బుక్కులు పోటీపరీక్షల గైడ్లు. నేను ఈ చింపిన కాగితములనే కొని, బస్సులో ఒడిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకొంటిని.

భయానక కథల పుస్తకములను, పత్రికలను కూడబెట్టువాడు మొదట ఎట్లు తయారగునని మిత్రులు కొందరు అడుగుచుందురు. ఈ మార్గమునకు విమర్శకుడు చేయిపట్టి తీసికొనివచ్చినవాడెవడును లేడు. వారపత్రికల గ్రంథసమీక్షలలో ఈ పుస్తకముల పేర్లు నేను చూచినది అరుదు. మా తరమువారిని ఇటు తెచ్చినది పెద్దల నిషేధము. మా బాపమ్మ తాను మాత్రము చిందు భాగవతుల బాలనాగమ్మ ఆట తెల్లవారుదాక కూర్చుండి చూచి, మాయల మరాఠీ ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో ఉన్న సంగతి పూసగుచ్చినట్లు మాకు చెప్పి, నా చేతిలో అట్టమీద పుర్రెబొమ్మ ఉన్న పుస్తకము కనబడగానే, “రాత్రిపూట గవి సదువకు బిడ్డా, పీడకలలొస్తయి” అని లాగికొని పోపులపెట్టె వెనుక దాచెడిది. దాచినచోటు తెలిసిన పుస్తకముకంటె రుచికరమైన పుస్తకము బాల్యమునకు మరియొకటి ఉండదు.

అంతకు ముందే చందమామ ఉన్నది. 1947 జూలైలో మద్రాసున మొదలైన ఆ పత్రిక, బేతాళ కథలతో చెట్టుమీది శవమును మా ఇండ్ల అరుగులమీదికి దించినది. 1954లో ‘తోకచుక్క’తో ఆరంభమై ఏండ్లతరబడి సాగిన ధారావాహికలలో చిత్ర అను చిత్రకారుడు గీసిన కొండగుహలు, మాంత్రికులు, రాకాసులు ఎందరి కలలలో తిరిగినారో లెక్కలేదు. వాటిని వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు వాటిమీద అచ్చుపడెడిది కాదు. వ్రాసినవారి పేరు తెలియకయే పిల్లలు ఆ పుటలు చింపి, దొంతులు పెట్టి, కుట్టించి దాచుకొనిరి. తెలుగునాట ధారావాహికలను బైండు చేయించుకొను అలవాటు గ్రంథసేకరణకు అసలైన పాఠశాల అని నా అభిప్రాయము. పుస్తకముగా ఇంకను వెలువడని దానిని పాఠకుడే పుస్తకముగా చేసికొనుట అనునది ఎంత గొప్ప సాహసమో ఆ చేసినవారికి తెలియదు.

తరువాతి మెట్టు కిరాయి పుస్తకాల దుకాణము. బస్టాండు ప్రక్కన, సైకిలు టాక్సీకిని సోడాబండికిని నడుమ ఇరికిన రెండు చెక్కల గది. గోడలకు మేకులు కొట్టి కట్టిన అరలు. ప్రతి పుస్తకమునకు ఖాకీకాగితపు అట్ట, దానిమీద సిరాతో అంకె. డిపాజిట్టు కట్టినవాని పేరు పొడుగాటి రిజిస్టరులో ఎక్కును. మరునాడు తిరిగి ఇయ్యకున్నచో రెండవ కిరాయి. విజయవాడ నుండి కట్టలు కట్టలుగా దిగు పాకెట్ నవలలు అందుండెడివి: కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గూఢచారి షాడో, వారి ప్రక్కనే దయ్యాల మేడలు, శ్మశానాలు, నడిరాత్రి తలుపు తట్టు చేతులు. ఖాకీ అట్ట తొలగించిన గాని బొమ్మ కనబడదు. యజమాని అటు తిరిగినప్పుడు గోటితో ఆ అట్ట అంచు ఎత్తి, లోపలి ఎరుపును, పచ్చని కన్నులను చూచిన ఆ క్షణముననే నాలోని సేకర్త జన్మించినాడని నేడు అనుకొందును. తీరిక మధ్యాహ్నములలో గృహిణులు పిల్లలచేత చీటీలు పంపి ఈ నవలలనే తెప్పించుకొనెడివారు. చీటీలో పేరు ఉండదు. ‘భయమైనది ఒకటి, కొత్తది’ అని మాత్రము ఉండును.

ఆ దుకాణము మూతపడినప్పుడు అందులోని పుస్తకములు ఎక్కడికి పోయినవి? పల్లీలు, మిరపకాయబజ్జీలు చుట్టుకొని పోయినవి. నేను తిరిగిన గ్రంథాలయములలో వాటి జాడ నాకు కనబడలేదు. గౌరవనీయమైన సాహిత్యమునకు అలమరలు దొరికినవి. జనులు నిద్ర మాని చదివిన సాహిత్యమునకు దొరకలేదు. ఇది నన్ను బాధించు విషయము.

ఇచట మా సీమను గూర్చి ఒక మాట దాచక చెప్పవలెను. ఈ భయము మాకు కాగితముమీదిది మాత్రమే కాదు. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి పల్లెలలో బాణామతి, చేతబడి అను మాటలు పిల్లలకు సైతము తెలుసును. నా చిన్ననాట మా ఊరి చివరి ఇంటిలో ఒంటరిగా ఉన్న ముసలమ్మను చూచి జనులు దారి తప్పించుకొని పోయెడివారు. ఏ ఇంట పాడిగేదె చచ్చినను ఆమె పేరు గుసగుసగా వినవచ్చెడిది. అనుమానముతో మనుషుల పళ్ళు ఊడగొట్టిన వార్తలు, ప్రాణములు తీసిన వార్తలు మన పత్రికలలో ఎన్నిమారులో వచ్చినవి. కావున ‘తులసిదళం’లో చిన్నపిల్ల మీద కాష్మోరా అను క్షుద్రశక్తిని ప్రయోగించిన కాద్రా అను మాంత్రికుని కథ వారము వారము వెలువడుచున్నప్పుడు, ఇది మూఢనమ్మకములకు ఎరువు వేయుచున్నదని, ఇది క్షుద్ర సాహిత్యమని విమర్శకులు ఎలుగెత్తుట అకారణము కాదు. ఆ విమర్శను నేను కొట్టివేయను. కాని ఆ నవలలో మంత్రమును వైద్యమును ప్రక్కప్రక్కన నడిచి, ఏది నిజమో తేల్చుకొను బరువు పాఠకుని భుజముమీదనే పడును. నా మటుకు నాకు ఆ బరువు మేలు చేసినది. పుస్తకములోని దయ్యము చివరి పుటతో అట్టలోపలికి పోవును. ఊరి చివరి ముసలమ్మ మరునాడు ఉదయము బావినుండి నీళ్ళు మోసికొని పోవుచుండును. ఈ రెంటికిని గల తేడా నాకు మొదట అట్టమూసిన ఒక రాత్రి తెలిసినది. ఆ మరునాడు ఆమె కడవను ఇంటివరకు నేను మోసితిని. ఇట్టి పుస్తకమును పిల్లవానికి ఇచ్చునప్పుడు ఈ సంగతి ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. ఇయ్యకుండుట మాత్రము పరిష్కారము కాదు.

ఇట్టి పుస్తకములను ఇయ్యవలెనన్న ముందు అవి మిగిలి ఉండవలెను. చిన్న అచ్చుకూటములును, సేకరణయు మన జిల్లాలకు కొత్త కావు. 1922లో నలగొండ నుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను నడపిరి. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న ఆక్షేపమునకు వాదముతో గాక సేకరణతో బదులు చెప్పి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. సేకరణ యొక్క ప్రయోజనము ఇంతకంటె స్పష్టముగా మరెక్కడను నాకు కనబడలేదు. తెలుగున భయానక కథకు సంప్రదాయమే లేదని రేపెవరైన అన్నచో, బల్లమీద పరచి చూపుటకు మనవద్ద పుస్తకములుండవలెను గదా!

అమెరికాలో ఈ పని ఇద్దరు పాఠకులు చేసిరి. 1923లో షికాగోలో మొదలైన ‘వియర్డ్ టేల్స్’ అను చవుకకాగితపు పత్రికలో లవ్‌క్రాఫ్ట్ అనునతడు భీతికథలు వ్రాసి, పేదరికములోనే 1937లో మరణించెను. ఆ కథలు పత్రికల కుప్పలలో కుళ్ళిపోకూడదని ఆగస్ట్ డెర్లెత్, డోనాల్డ్ వాండ్రీ అనువారు, పెద్ద ప్రచురణకర్తలు నిరాకరింపగా, సాక్‌సిటీ అను చిన్న ఊరిలో 1939లో ఆర్కం హౌస్ అను సంస్థను తామే పెట్టి ఆయన కథల సంపుటమును 1,268 ప్రతులు అచ్చువేసిరి. అవి అమ్ముడుపోవుటకు ఏండ్లు పట్టినవి. నేడు అందొక్క ప్రతి దొరికిన సేకర్త దానిని నిధివలె చూచుకొనును. ఎన్ని ప్రతులు వేసినదియు వారు లెక్క వ్రాసి ఉంచిరి. మన పాకెట్ నవలలలో అనేకములకు ముద్రణ సంవత్సరము కూడ లేదు. అందుకే నేను ఏ పుస్తకము కొన్నను మొదట చూచునది కడపటి అట్ట లోపలివైపు: అచ్చుకూటము పేరు, వెల, ‘త్వరలో’ అని వేసిన నవలల ప్రకటన. వెల రూపాయలలోనిదా, పైసలు కలిసినదా అనుదానిని బట్టి, ఆ ప్రకటనలోని పేర్లను బట్టి, కాలము కొంత తెలియును.

క్రొత్తగా మొదలుపెట్టువారు నా తప్పును చేయకుందురు గాక. మొదటి కట్టను నేను ఒక బైండరుకు ఇచ్చితిని. అతడు మంచి పని చేయుచున్నాననుకొని మూడువైపుల కటింగుమిషనుతో కోసి ఇచ్చినాడు. బొమ్మల అంచులు పోయినవి, పుటాంకములు పోయినవి, ఎవరో పెన్సిలుతో అంచులలో వ్రాసిన ‘అయ్యో’, ‘వద్దు, తలుపు తీయకు’ అను మాటలు పోయినవి. ఆ మాటలకొరకు నేటికిని విచారింతును. చిరిగినచోట సెల్లోటేపు అంటింపరాదు. కొన్నియేండ్లకు అది గోధుమరంగు మరకయై అక్షరములను మింగును. కొయ్యగుజ్జుతో చేసిన చవుకకాగితము వెలుతురు తగిలినకొద్ది పసుపువారి పెళుసగును, కావున చీకటియే దానికి శ్రేయస్సు. రామబాణపు పురుగుకు ఎండిన వేపాకు పెట్టుదురు, కాని ఏడాదికి రెండుమారులు మార్చవలెను. కిరాయి దుకాణపు ముద్రను, అంకెను, ఖాకీ అట్టను పారవేయకుడు. ఆ పుస్తకము ఎన్ని చేతులు తిరిగినదో చెప్పునది అదియే. వెదకుటకు ఆదివారపు ఆబిడ్స్ కాలిబాట ఉన్నది, డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలోని పాతపుస్తకాల అంగళ్ళున్నవి, అన్నింటికంటె ముందు మీ మేనత్తగారి అటుకలున్నవి. నేడు కొద్ది ప్రతులు మాత్రము అచ్చువేసికొని భీతికథలు తెచ్చు యువకుల పుస్తకములను మొదటి ముద్రణలోనే కొనుడు. రెండవది వచ్చునన్న భరోసా లేదు.

ఒక్కచోటనే దాచుటయు క్షేమము కాదు. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రములోనికి నీరు చొచ్చి పాతపత్రికలు, పుస్తకములు నానిపోయిన నాటి సంగతి ఎరిగినవారికి ఈ మాట విప్పిచెప్పనక్కరలేదు. ఒకే సంచిక నాలుగు ఊళ్ళలో నాలుగు బీరువాలలో ఉండవలెను. అందుచేతనే నావద్ద రెండేసి ఉన్నవాటిని మహబూబ్‌నగరులో ఒక మిత్రునికి, మిర్యాలగూడలో మరొకరికి పంచి, ఎవరివద్ద ఏమున్నదో మూడు నోటుపుస్తకములలో వ్రాసికొంటిమి.

నీలిగుడ్డ బైండు మాత్రము జంట లేనిది. దానిని కుట్టినది స్త్రీయో పురుషుడో నాకు తెలియదు. జాకెట్టు గుడ్డను బట్టియు, వ్రాతలోని ముత్యాలకోవను బట్టియు ఒక గృహిణి అని తలతును. ఆమె ఎత్తివ్రాసిన వారములో కథ సంపూర్ణముగా ఉన్నది. బొమ్మ ఉండవలసినచోట మాత్రము స్కేలుతో చతురస్రమొకటి గీసి, లోపల ఖాళీగా విడిచినది. ఏనాటికైన ఆ సంచిక దొరికినచో కత్తిరించి అంటింపవచ్చునని కాబోలు. ఆ ఖాళీ నాలుగు దశాబ్దములుగా అట్లే ఉన్నది. ఈ వ్యాసము చదువువారిలో ఎవరి ఇంటనైన ఆంధ్రభూమి పాత సంచికల కట్ట ఉన్నచో, తూకమునకు వేయకముందు ఒకమారు నాకు కబురు చేయుడు. ఆ పుటను నాకు ఇయ్యనక్కరలేదు. ఆ బొమ్మను చూచి, దాని నకలు తీసికొని, ఆమె గీసిన గీతల నడుమ అంటించి, మీ సంచిక మీకు తిరిగి ఇచ్చెదను.