వంపులో నలగని వెదురు

గంపను చూస్తే ముందు అల్లిక కనబడుతుంది. అసలు పనితనం ఉన్నది మాత్రం మలుపులో. అడుగు పూర్తయి గోడ పైకి లేచే చోట వెదురు పేడు చటుక్కున వంగాలి. పైవైపు చిట్లకూడదు, లోపలివైపు ముడతపడి నలగకూడదు. బంగినపల్లి, రసాలు పండే నూజివీడు మెట్ట ప్రాంతంలో, ప్లాస్టిక్ క్రేట్లు రాకముందు తోటల్లో కాయ మోసినవి మేదర్లు అల్లిన ఇలాంటి గంపలే.

వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. బొంగు గోడలో గట్టి నారపోగులు మెత్తటి కణజాలంలో నిలువునా పరుచుకుని ఉంటాయి. పైచెక్కు దగ్గర దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా. కార్బన్ పోగులను రెసిన్‌లో బిగించి చేసే కాంపోజిట్ల కట్టడం కూడా దాదాపు ఇదే. పోగును లాగితే సాగదు. కొసల నుంచి నెడితే మాత్రం నిలవలేక పక్కకు ఒంగిపోతుంది. ముడత పుట్టేది అక్కడే.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. 2 మిల్లీమీటర్ల మందం పేడును 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే పైపొర 5 శాతం సాగాలి, లోపొర 5 శాతం కుదించుకోవాలి. అర మిల్లీమీటరు పేడుకైతే ఆ భారం 1.25 శాతమే. వంగడానికి ఎదురుతిరిగే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే 2 మిల్లీమీటర్ల బద్దకు బదులు ఒకదానిపై ఒకటి జారే నాలుగు అర మిల్లీమీటరు పేళ్లు వాడితే, లాగుడుకు తట్టుకునే బలం అంతే ఉంటుంది, వంపు బిగువు మాత్రం పదహారో వంతు అవుతుంది. లాగుడు బలం వేరు, వంపు బిగువు వేరు. మేదరి పనంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

పచ్చి బొంగును ఎంచుకుంటారు, ఎండినదైతే నానబెడతారు. తడి ఉంటే మెత్తటి భాగం కుదింపుకు లొంగుతుంది. బొంగును నిలువునా సగాలుగా చీల్చుకుంటూ పోతారు. చీలిక ఒక పక్కకు తప్పితే మందంగా ఉన్న వైపును ఎక్కువగా వంచుతారు, చీలిక మళ్లీ మధ్యకు వస్తుంది. అడుగుకు నిలువు బద్దలు కాస్త మందంగా ఉంచి, చుట్టూ తిరిగే పేళ్లను పలచగా తీస్తారు. మలుపులో చెక్కువైపు బయటికి ఉంచితే సాగే పని గట్టి నారకు, కుదించుకునే పని లోపలి మెత్తదనానికి పడుతుంది. అల్లేటప్పుడు పేడును వదులు కానివ్వకుండా లాగి పట్టడం చివరి జాగ్రత్త.

కాంపోజిట్ కర్మాగారంలో గుమ్మటం లాంటి అచ్చు మీద కార్బన్ గుడ్డ పరిచేవారికీ ఇదే తిప్పలు. గుడ్డలోని ఒక్కో పోగుకట్టలో వేల తంతువులు ఉంటాయి. అవి ఒకదానిపై ఒకటి జారడం వల్ల గుడ్డ సులువుగా వంగుతుంది, సాగమంటే మాత్రం సాగదు. రేకుకు చేసినట్టు లాగుడు బలం నుంచే వంపు బిగువు లెక్కకడితే అది అసలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. అందుకే దాన్ని విడిగా కొలవాలి. బిగువు ఎక్కువైతే ముడతలు కొన్నే, కానీ పెద్దవి. తక్కువైతే చిన్నవి, చాలా. పడుగూ పేకా మధ్య కోణం ఒక హద్దు దాటి మూసుకుపోయినా గుడ్డ పైకి లేచి ముడతపడుతుంది. అంచులు పట్టి బిగించడం అక్కడి మందు. తేజస్ యుద్ధ విమానం చట్రం (ఎయిర్‌ఫ్రేమ్) బరువులో 45 శాతం కాంపోజిట్లే. అలాంటి భాగాల్లో ముడత మిగిలితే పోగు తిన్నదనం పోయి, నొక్కుడుకు ఆగే బలం తగ్గుతుంది.

మళ్లీ గంప దగ్గరికి వస్తే, 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. నరకడానికీ తరలించడానికీ అనుమతుల బెడద తగ్గింది. సరుకు దొరకడం సులువైనా, క్రేటుతో ధరలో పోటీపడటం గంపకు కష్టమే. దాని విలువను ధరతోనే తూచితే వేలికొసలతో మందం పసిగట్టే పరిజ్ఞానం లెక్కలోకి రాదు. దాన్ని కొలిచి రాసుకునే దారి ఉంది. గుడ్డ బిగువు కొలవడానికి 1930లో పియర్స్ అనే శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. గుడ్డ పట్టీని బల్ల అంచు దాటించి, దాని కొస నిర్ణీత వాలును తాకేదాకా జరిపి, వేలాడిన పొడవు చూడటమే. అదే తీరులో పేడును అంచు మీదుగా జరిపి, కొస ఎంత వాలిందో కొలవచ్చు. నూజివీడు ట్రిపుల్ ఐటీ విద్యార్థులు ఒక స్కేలు పట్టుకుని మేదరి పక్కన కూర్చుంటే, ఏ మలుపుకు ఏ మందం, ఎంత తడి అన్న పట్టిక తయారవుతుంది. ఆ పట్టిక అల్లడం నేర్చుకునే పిల్లలకూ పనికొస్తుంది, కాంపోజిట్ పాఠానికీ పనికొస్తుంది.