అరవై నాలుగు గళ్ళ పద్యం

2025 జూలైలో జార్జియా దేశపు బటూమిలో మహిళల ప్రపంచ కప్ చదరంగం ఫైనల్ జరిగింది. ఒకవైపు ఆంధ్రకు చెందిన కోనేరు హంపి, మరోవైపు మన నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. టై బ్రేక్‌లో దివ్య గెలిచింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన మా మాండవి వాళ్ళకు ఎవరు గెలిచినా సొంత గెలుపే. ఆ వార్త నన్ను పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన చదరంగపు పద్యం దగ్గరికి తీసుకెళ్ళింది.

మల్లన 11వ శతాబ్దపు కవి. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రాసిన సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ రాష్ట్రకూటుల ఆనవాళ్ళు మన జిల్లా కంధార్‌లో ఉన్నాయి.

మొదటి గడిలో ఒకటి, తర్వాత ప్రతి గడికీ రెట్టింపు. మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. బ్యాంకు భాషలో చెప్పాలంటే, 8 శాతం చక్రవడ్డీకి సొమ్ము రెట్టింపు కావడానికి దాదాపు 9 ఏళ్ళు. చివరి గడి చేరడానికి 63 రెట్టింపులు, అంటే 567 ఏళ్ళు!

ఈ 20 అంకెలనూ కవి ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి మాటల్లో చెప్పాడు. మూడు ఒకట్లకు చంద్రుడి మూడు పేర్లు. మూడు ఏడులకు కొండ మూడు పేర్లు. సున్నాకు ఆకాశం. నాలుగుకు సముద్రం, వేదం, బ్రహ్మ ముఖాలు. ఛందస్సు తప్పలేదు, లెక్కా తప్పలేదు. అయితే ఇది గొప్ప కవిత్వమా? కాదనే అంటాను. ఈ చంద్రుడికి వెన్నెల లేదు, సముద్రానికి హోరు లేదు. కాని గింజలు లెక్కించడానికి కొండల్నీ కడలినీ ఆకాశాన్నీ పిలిచిన ఊహ మాత్రం చిన్నది కాదు.

గళ్ళు 64, కళలూ 64 కదా అని కొందరు మురిసిపోతారు. అది అంకెల పొత్తు మాత్రమే. దానివల్ల పద్యం ఒక్క అక్షరమైనా ఎక్కువ అర్థం కాదు. బటూమి వార్తకూ మల్లనకూ ఉన్న సంబంధమూ కాకతాళీయమే. కాని అది మనచేత పద్యాన్ని మళ్ళీ చదివించింది. పోలికకు నేను పెట్టే పరీక్ష అదే.

ఇంకొక సంబంధం మాత్రం కాకతాళీయం కాదు. మరాఠీ మీడియంలో చదివే మన పిల్లలకు ఈ పద్యం తెలుగు కొరుకుడు పడకపోవచ్చు. శశి, గగనం, వేదం, గిరి వాళ్ళ మరాఠీలోనూ ఉన్నాయి. అంకెలు రాయించండి, పద్యం దానంతటదే తెరుచుకుంటుంది.