‘సలామ్ వెంకీ’ చూశాక: ప్రాణం తీయడం వేరు, పోనివ్వడం వేరు

దసరా సెలవుల్లో మా ఇంట్లో అందరం కూర్చుని ‘సలామ్ వెంకీ’ సినిమా చూశాం. హిందీ సినిమానే గానీ కథ మాత్రం మన తెలుగువాళ్ళది. సినిమా సగానికి వచ్చేసరికి మా నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు అసలు కథ చెబుతాను. హైదరాబాద్‌లో కె. వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు ఉండేవాడు. అతనికి డుషెన్ మస్కులర్ డిస్ట్రోఫీ అనే జబ్బు. జన్యులోపం వల్ల ఏటేటా కండరాలు బలం కోల్పోతాయి. చివరికి గుండె, ఊపిరి కూడా దెబ్బతింటాయి. 2004లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తన అవయవాలు పాడైపోకముందే వాటిని దానం చేసి చనిపోనివ్వమని వెంకటేశ్ అడిగాడు. తల్లి సుజాత గారు కొడుకు కోసం పోరాడారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబర్ 17న వెంకటేశ్ చనిపోయాడు. అతనికి 25 ఏళ్ళు. శ్రీకాంత్ మూర్తి గారు ఈ కథతో పుస్తకం రాశారు. దాని ఆధారంగా రేవతి గారు 2022లో ఈ సినిమా తీశారు.

సినిమాలో నాకు బాగా నచ్చింది తల్లి పాత్ర. కాజోల్ గారు ఎక్కువ ఏడవకుండానే మనల్ని ఏడిపిస్తారు. వెంకీగా విశాల్ జేత్వా మంచంమీద ఉండి కూడా అందరినీ నవ్విస్తాడు. జబ్బు మనిషిని చూసి ‘పాపం’ అనడం తప్ప ఏమీ తెలియని మనకి ఇది మంచి పాఠం.

కానీ ఒక విషయంలో నేను ఈ సినిమాతో ఒప్పుకోను. ఇతరులకి అవయవాలు ఇవ్వాలనే వెంకీ కోరిక గొప్పది. దాని కోసం బతికున్న మనిషి ప్రాణం తీయవచ్చా అనేది వేరే ప్రశ్న. సినిమా ఈ రెండింటినీ కలిపేసింది. కాదన్నవాళ్ళకి దయ లేదేమో అనిపించేలా చూపించింది. ప్రియమణి గారు కోర్టులో ఎదురు వాదించే లాయరుగా చేశారు గానీ, ఆ వాదనలోని బలం నాకు తెరమీద సరిగా కనబడలేదు. ఈరోజు ఒకరు ఇష్టపడి ఇస్తారు. రేపు డబ్బులేని రోగిని ‘నువ్వు పోతే నలుగురు బతుకుతారు’ అని ఎవరైనా ఒత్తిడి చేస్తే? ఈ భయాన్ని కూడా చూపించాల్సింది.

మా సత్యోపదేశం తరగతిలో నేర్చుకున్నది ఇదే. అవయవదానం గొప్ప ప్రేమకార్యం అని శ్రీసభ చెబుతుంది. అయితే ఇంకొకరిని బతికించడానికైనా సరే, ఒకరి చావుకి మనం కారణం కాకూడదు.

ఇక్కడితో ఆపేస్తే నేను కూడా సగమే చెప్పినట్టు అవుతుంది.

రెండేళ్ళ కిందట మా నాయనమ్మ ఇక్కడే ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉంది. ఇక నయం కాదు, మిషన్ మీదే ఊపిరి నడుస్తోంది అన్నారు డాక్టర్లు. నాన్న సంతకం పెట్టాడు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ‘కన్నతల్లిని నువ్వే చంపుకున్నావు’ అన్నారు. అప్పటి నుంచి నాన్న గుడికి వస్తాడు గానీ సత్ప్రసాదం తీసుకోడు.

నాయనమ్మ విషయంలో జరిగింది, వెంకీ అడిగింది ఒకటి కాదు. రోగికి మేలు చేయని, భారమైన చికిత్సను కొనసాగించి తీరాలనే నియమం లేదని పన్నెండవ పయస్ పోపుగారు 1957లోనే డాక్టర్లకి చెప్పారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1995లో రాసిన లేఖలో కూడా ఈ తేడా ఉంది. చంపడం పాపం. ఇక ఆగని చావుని ఒప్పుకోవడం పాపం కాదు. మన దేశంలో కూడా సుప్రీంకోర్టు 2018లో నియమాలు పెట్టి, అలాంటి చికిత్స ఆపవచ్చని చెప్పింది. 2025 జనవరిలో మన కర్ణాటక ప్రభుత్వం దాన్ని అమలుచేయడానికి ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని ‘చంపడానికి లైసెన్సు’ అనేవాళ్ళు ఈ తేడాని ఒకసారి ఆలోచించాలి.

సినిమా మీదే కాదు, మనమీద కూడా నాకు ఒక విమర్శ ఉంది. ‘అది పాపం’ అని చెప్పి ఇంటికి వెళ్ళిపోవడం చాలా తేలిక. ఆ తల్లి పక్కన రాత్రంతా కూర్చునేది ఎవరు? మన బెంగళూరులో కరుణాశ్రయ అనే చోట, నయంకాని క్యాన్సర్ ఉన్నవాళ్ళని డబ్బు తీసుకోకుండా చివరిదాకా చూసుకుంటారు. ప్రాణం విలువైనది అని నోటితో చెప్పేకంటే అలా చేసి చూపించడం మేలు. మా చుట్టాల్లో ఒక్కరైనా ఆ తొమ్మిది రోజుల్లో ఒక రాత్రి నాన్నకి తోడుగా ఉండి ఉంటే, తర్వాత ఆ మాట అనేవాళ్ళు కాదేమో.

సినిమా తప్పకుండా చూడండి. చూశాక ఇంట్లో మాట్లాడుకోండి. మేము ఆ రోజు మాట్లాడుకోలేదు. ఈ పత్రిక చేతికి రాగానే నేను మొదట చదివి వినిపించేది మా నాన్నకే.